ముగ్గురూ సరే అన్నారు

అమల ఏం చదువుతోందో మాణికేశ్వర్ నగర్‌లో ఎవరికీ ఒక పట్టాన అర్థమయ్యేది కాదు. ఇంటి ఓనరు ప్రమీలమ్మ ఒకరోజు నల్లా దగ్గర నిలబెట్టి అడిగేసింది.

"ఏం సదువు బిడ్డా అది? ఇన్నేండ్ల సంది ఒడుస్తలేదు!"

"మనిషి చెయ్యి పడకుండ, వాటంతట అవే మనిషిని చూసి కాల్చే మిషిన్లు వస్తున్నయమ్మా. వాటికి చట్టం ఎట్లుండాల్నో రాస్తున్న."

ప్రమీలమ్మ బిందె నిండేదాకా ఆలోచించింది. "గవన్ని తర్వాత సంగతి. ముందుగాల ఈ నల్లా రోజూ ఇడిసెటట్టు ఒక చట్టం రాయరాదు," అంది.

అమల ఆ మాటను డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పి నవ్వించింది. నవ్వడం అప్పటికింకా మరిచిపోలేదు.

ఆమెది జనగామ దగ్గర చిన్న పల్లె. తండ్రి ఉప్పలయ్య మీసాలు వచ్చేదాకా, వచ్చాక కూడా, దొర దగ్గర పాలేరుగా జీతమున్నాడు. తల్లి పోచమ్మ మిషన్ ఆసుపత్రిలో బిడ్డను కంటే, అక్కడి సిస్టరు అమల అని పేరు పెట్టింది. ఆ పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగక చాన్నాళ్లు 'అమ్ల' అనే పిలిచారు. పిల్ల పదో తరగతిలో ఉండగా పోచమ్మ జ్వరంతో పోయింది. ఉన్న ఒక్క పిల్లను చదువు మానిపించమని ఊరంతా చెప్పినా ఉప్పలయ్య వినలేదు. వాదించలేదు కూడా. తల ఊపి, మరునాడు పొద్దున్నే పిల్లను హాస్టల్లో దింపి వచ్చాడు. అలా హాస్టల్ నుంచి హాస్టల్‌కు మారుతూ అమల లా చదివింది, ఆపైన పెద్ద లా చదివింది, చివరికి క్యాంపస్‌లో పీహెచ్‌డీకి చేరింది.

పరిశోధనకు ఆ మిషిన్ల విషయాన్ని ఆమె కోరి ఎంచుకోలేదు. గైడు ప్రొఫెసర్ కమలాకర్ అప్పుడే ఏదో సదస్సుకు వెళ్లి వచ్చిన వేడిలో ఉన్నారు. ఆ వేడి చల్లారేలోపు ఎదురుపడ్డ శిష్యురాలు అమల. అంతే, తలకు చుట్టేశారు. ఆయన మాత్రం నెల తిరగకుండానే పర్యావరణ చట్టం మీద పడ్డారు, ఈమెకేమో ఇది పట్టుకుంది. జెనీవాలో దేశాలన్నీ ఏళ్ల తరబడి కూర్చుని ఈ ఆయుధాల మీద మాట్లాడుతూనే ఉండడం, ఒక్క కట్టుదిట్టమైన ఒప్పందం కుదరకపోవడం ఆమెకు సొంత ఇంటి తగాదాలా అనిపించేది. యుద్ధంలో లొంగిపోయినవాణ్ని చంపకూడదని పాత చట్టం ఉంది. మరి లొంగిపోతున్నాడని యంత్రానికి ఎలా తెలుస్తుంది? తెలియక చంపితే ఎవరిని బోనెక్కించాలి? అమల రాసిందంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది. చివరికి తేల్చింది ఒక్క మాట. యంత్రం ఎంత తెలివిదైనా సరే, నడుమ ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి చూడాలి, ఆ మనిషి సరే అనాలి, రేపు చట్టం ముందు ఆ మనిషే జవాబు చెప్పాలి.

బాగానే ఉంది. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి.

ఫెలోషిప్ ఆగిపోయింది. హాస్టల్ గదిలో ఇంకొకరి మంచం పక్కన చాప వేసుకుని కొన్నాళ్లు గడిపి, అక్కడా వార్డెన్ల తనిఖీలు మొదలయ్యాక స్నేహితురాలు భాగ్యతో కలిసి మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకుంది. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూ వానకాలం మబ్బులా ఊరించింది. కూటి కోసం కోటి విద్యలన్నారు కదా, ఆ కోటిలో ఒకటి హబ్సిగూడలో దొరికింది. మెయిన్ రోడ్డు మీద ఒక టిఫిన్ సెంటరు, దాని పైన మూడో అంతస్తులో అద్దాల ఆఫీసు. పనేమిటంటే, కంప్యూటర్ ముందు కూర్చుని వీడియో తునకలు చూడాలి. ఆకాశం నుంచి తీసినవి. కింద మనుషులు చీమల్లా తిరుగుతుంటారు. యంత్రం అప్పటికే ఒక్కొక్కరి చుట్టూ గీత గీసి, 'ముప్పు' అనో 'ముప్పు కాదు' అనో రాసి పెడుతుంది. చూసేవాళ్లు 'సరే' నొక్కాలి, లేదా 'కాదు' నొక్కాలి. అంతకు మించి ఆలోచించడానికి వ్యవధి ఇవ్వరు. తునక అయిపోగానే ఇంకోటి వచ్చి మీద పడుతుంది.

ఇవి ఎక్కడివో, ఎందుకో ఎవరూ చెప్పలేదు. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అన్నారు. పక్క సీట్లలో కూర్చున్న డిగ్రీ పిల్లలు నమ్మి ఉండొచ్చు. అమలకు మొదటి రోజే తెలిసింది. తెలియకుండా ఎలా ఉంటుంది? ఆమె థీసిస్‌లో రాసిన ఆ 'నడుమ ఒక మనిషి' కూర్చునే కుర్చీ ఇదే. అయినా లేచి రాలేదు. ఎవరో తెలియనివాళ్లు కూర్చునే బదులు చట్టం తెలిసిన నేను కూర్చుంటే మంచిదే కదా అనుకుంది. అంతటితో ఊరుకోలేదు, కొంచెం గర్వపడింది కూడా. మనసుకు సర్దిచెప్పుకోవడంలో చదువుకున్నవాళ్లను మించినవాళ్లు లేరు.

మొదట్లో ఆమె చాలాసార్లు 'కాదు' నొక్కింది. భుజాన గునపం వేసుకున్నవాణ్ని యంత్రం ముప్పు అంటే కాదంది. కట్టెలమోపు ఎత్తుకున్న ఆడమనిషిని చూసి కాదంది. కానీ ప్రతి తునకనూ ముగ్గురికి చూపిస్తారు. మిగిలిన ఇద్దరితో కలవనివాళ్లకు మార్కులు పోతాయి. మార్కులు పోకుండా ఉండాలంటే యంత్రం ఏమంటే అదే అనడం క్షేమమని అందరికీ త్వరలోనే అర్థమైంది. టీం లీడర్ ప్రేమ్ కుమార్ మంచి పిల్లవాడే, భువనగిరి వైపు నుంచి వచ్చినవాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె కుర్చీ దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు.

"అక్కా, నీ స్కోర్ మస్తు పడిపోయింది. ఇంకో రెండు తేడా వస్తే ప్రాజెక్ట్‌లకెళ్లి తీసేస్తరట. పైకెళ్లి మెయిల్ వచ్చింది."

"ఉన్నది ఉన్నట్టే చెప్తున్న కదా తమ్మీ."

"ఉన్నదేందో ఎవలికి ఎరుకక్కా? జర చూసుకొని నొక్కు."

ఆ పూటే ఆ తునక వచ్చింది. తుమ్మచెట్లున్న ఎర్రనేల. ఏ దేశమో తెలియదు. తుమ్మచెట్లు ఎన్ని దేశాల్లో లేవు? కొంతమంది నిలబడి ఉన్నారు. వాళ్ల వైపు ఒక మనిషి నడిచి వస్తున్నాడు. నడుము వంచి, అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నాడు. ఒక చేతిలో ఏదో నల్లటి వస్తువు ఉంది. రెండో చేయి ఒంటికి అదిమి పెట్టుకున్నాడు, చంకలో ఏదో ఉన్నట్టు. యంత్రం అతని చుట్టూ ఎర్ర గీత గీసింది. చేతిలో వస్తువు, చంకలో దాచినది, వంగి సమీపిస్తున్నాడు. ముప్పు.

అమల వేలు ఒక్క క్షణం ఆగింది. ఆ నడకలో ఏదో తెలిసినట్టుంది. ఏమిటో అందలేదు. ఇంకో రెండు తేడా వస్తే అన్న మాట మాత్రం చక్కగా అందింది. 'సరే' నొక్కింది.

తర్వాత కిందికి దిగి టిఫిన్ సెంటర్లో చాయ్ తాగింది. బాగుందనిపించి ఇంకో చాయ్ కూడా చెప్పింది. ఆ రెండో చాయ్ సంగతి తర్వాత ఆమెను తొలిచినంతగా ఇంకేదీ తొలవలేదు.

వారం తిరగకుండా ఉప్పలయ్య క్యాంపస్‌కు వచ్చాడు. బిడ్డ థీసిస్ ఒప్పుకున్నారని, ఇక వైవా ఒక్కటే మిగిలిందని భాగ్య ఫోన్‌లో చెప్పింది. కమలాకర్ సారుకు ఇద్దామని సంచిలో పెసర్లు పోసుకుని, ఉప్పల్‌లో బస్సు దిగి, తార్నాకలో ఇంకో బస్సు దిగి, దారి అడుగుతూ అడుగుతూ కాలేజీ దాకా నడిచాడు. అమల మొదటి అంతస్తు వరండాలో నిలబడి చూస్తోంది. కింద మెట్ల ముందు కమలాకర్ సార్ ఇద్దరు లెక్చరర్లతో మాట్లాడుతున్నారు.

ఉప్పలయ్య వాళ్లను చూసి అల్లంత దూరంలోనే ఆగాడు. సంచి కింద పెట్టాడు. చెప్పులు విడిచి చేతిలోకి తీసుకున్నాడు. భుజం మీది తువ్వాల తీసి మడిచి చంకలో పెట్టుకుని, చేయి అదిమాడు. నడుము వంచాడు. అడుగులో అడుగు వేసుకుంటూ సార్ల వైపు నడిచాడు.

దొర గడీ ముందు నడిచిన నడక అది. దొర పోయి ఎన్నేళ్లయినా ఆ నడక పోలేదు. పెద్దవాళ్ల ముందు కాళ్లకు చెప్పులుండకూడదు, భుజాన తువ్వాల ఉండకూడదు. నేను నీ అంత కాదు, నా వల్ల నీకేమీ కాదు, నన్నేమీ చేయకు అని ఒళ్లంతటితో చెప్పడం అది. లొంగిపోవడం అంటే ఇంతకన్నా ఇంకేముంటుంది? అమల చిన్నప్పటి నుంచి ఆ నడకను వందసార్లు చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది, వద్దని కొట్లాడింది. కానీ ఎప్పుడూ పక్కన నిలబడే చూసింది. ఇలా పైనుంచి చూడడం ఇదే మొదటిసారి.

వరండా గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. భాగ్య పరుగెత్తుకొచ్చి నీళ్లు తాగించి, పొద్దున తినకుండా వచ్చావా అని తిట్టింది. కింద కమలాకర్ సార్ ఉప్పలయ్య చేతిలోని చెప్పులు చూసి నొచ్చుకుని, "అయ్యో, వేసుకోండి వేసుకోండి పెద్దాయనా," అంటున్నారు.

ఆ తునకలోని మనిషి చేతిలో ఉన్నవి చెప్పులేనా? ఆ దేశంలోనూ అలాంటి దొరలు, అలాంటి నడక ఉన్నాయా? అమలకు ప్రమాణం చేసి చెప్పే ఆధారం లేదు. లా చదివింది కాబట్టి ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు. కానీ ఒంటికి తెలిసిపోయింది. ఆ క్షణం నుంచి ఆమెకు ప్రపంచంలో ఒక్కటే పని మిగిలింది. ఆ ఒక్క 'సరే'ని వెనక్కి తీసుకోవాలి. అది కుదరకపోతే, దానికి ఎవరో ఒకరి ముందు నిలబడి జవాబు చెప్పాలి.

మరునాడు ప్రేమ్ కుమార్ దగ్గరకు వెళ్లింది.

"తమ్మీ, నేను నొక్కింది ఒకటి తప్పయింది. వెనక్కి తియ్యాలె."

"వెనక్కి తీసుడు ఉండదక్కా. ఒక్కసారి పోయిందంటే పోయినట్టే."

"యాడికి పోతది?"

ప్రేమ్ కుమార్ పైకి చూపించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. "నాకు తెల్వదక్కా, నీ మీద ఒట్టు. నా పైనోనికి గూడ తెల్వదు."

"ఆ మనిషి బతికున్నడా? అది అయిపోయిన వీడియోనా, అప్పుడే జరుగుతున్నదా?"

"గవన్నీ మనకు చెప్తరా?"

ఆమె ముఖం చూసి అతనికి భయమేసినట్టుంది, పైకి మెయిల్ పెట్టాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. మీ శ్రద్ధకు ధన్యవాదాలు, ఆ తునక విషయంలో ముగ్గురు పరిశీలకులూ ఒకే మాట చెప్పారు, కాబట్టి మార్చవలసిన అవసరం లేదు. అడుగున ఇంకో వాక్యం కూడా ఉంది. అమల పనితీరు ఈ మధ్య మెరుగుపడిందట.

మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు. తక్కిన ఆ ఇద్దరూ ఎవరో? వాళ్లకూ ఒక ప్రేమ్ కుమార్ ఉండి ఉంటాడు. వాళ్లకూ స్కోర్ పడిపోతోందని చెప్పి ఉంటాడు. ముగ్గురూ చూశారు, ముగ్గురూ సరే అన్నారు. అంటే ఎవరూ చూడలేదు. అమల ఆ పూటే ఉద్యోగం మానేసింది. ప్రేమ్ కుమార్ లిఫ్టు దాకా వచ్చాడు. ఆమె కుర్చీలోకి మరునాడే ఇంకొకామె వస్తుందని, ఆమెకు ట్రైనింగ్ తనే ఇవ్వాలని కొంచెం దిగులుగా చెప్పాడు.

కమలాకర్ సార్‌కు అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. అలసిపోయినవాడు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"పోలీసులకు ఇద్దామంటే ఏమని ఇస్తావమ్మా? చనిపోయాడో లేదో తెలియదు. ఏ దేశమో తెలియదు. చేరేటప్పుడు నువ్వు సంతకం పెట్టిన కాగితం ప్రకారం అక్కడ ఏం చూశావో బయటికి చెప్పడానికే లేదు. వైవా అయిపోనీ. ఆ తర్వాత నింపాదిగా ఆలోచిద్దాం."

"వైవాలో చెప్తాను సార్. నడుమ మనిషి ఉంటే చాలని నేను రాసింది తప్పని చెప్తాను."

"థీసిస్ పోతుంది."

"పోనీయండి సార్."

నిజంగానే పోవాలని కోరుకుంది. అన్నేళ్ల చదువు పోతే, అది ఒక శిక్షలాగైనా ఉంటుంది. ఎవరో ఒకరు నువ్వు చేసింది తప్పు అన్నట్టుంటుంది. మనిషికి అన్నం లాగే అదీ ఒక్కోసారి కావాలి.

వైవా రోజు క్యాంపస్ తన పద్ధతి తను పాటించింది. భాగ్య చందాలు పోగేసి శాలువా కొన్నది. జూనియర్లు డిపార్ట్‌మెంట్ గేటుకు 'డాక్టర్ అమల'కు శుభాకాంక్షలని ఫ్లెక్సీ కట్టేశారు, ఫలితం రాకముందే. వైవాలో ఫెయిలైనవాళ్లను మన దగ్గర ఎవరు చూశారు గనక! ఉప్పలయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఖరి బెంచీలో, అంచు మీద కూర్చున్నాడు.

బయటి రాష్ట్రం నుంచి పెద్ద పేరున్న పరీక్షకుడు వచ్చారు. థీసిస్ బాగుందన్నారు. నడుమ ఉన్న మనిషి కూడా తప్పు చేస్తే మీ సిద్ధాంతం ఏమవుతుంది అని, అందరూ అడిగే ప్రశ్నే, మర్యాదగా అడిగారు.

అమల లేచి నిలబడి ఇంగ్లీషులో మొత్తం చెప్పింది. ఆఫీసు పేరు ఒక్కటే చెప్పలేదు. ఎర్రనేల, వంగి నడిచినవాడు, చేతిలోని చెప్పులు, చంకలోని తువ్వాల, పడిపోతున్న స్కోరు, నొక్కిన వేలు. చివర్లో అంది, "ఆ మనిషిని నేనే సార్. చట్టం కూర్చోమన్న చోట నేనే కూర్చున్నాను. చట్టం చెప్పమన్నట్టే సరే అన్నాను. నా థీసిస్ ఎందుకూ పనికిరాదు. దీనికి నేను ఎవరికి జవాబు చెప్పాలో మీరు చెప్పండి."

కమలాకర్ సార్ బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు. పరీక్షకుడు మెల్లగా తలాడించారు. ఆయన కళ్లలో నిజంగానే తడి ఉంది.

"అద్భుతం," అన్నారు. "జవాబు చెప్పవలసినవాడు ఎవరో తేలకపోవడం, సరిగ్గా ఇదే ఈ రంగంలో ఉన్న లోటు. ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు. దీన్ని చివరి అధ్యాయంగా చేర్చండి. పేర్లు అవసరం లేదు. పుస్తకంగా రావాలి."

ఏకగ్రీవంగా డాక్టరేటుకు సిఫారసు చేశారు. చప్పట్లు కొట్టారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆ గదిలో ఆ పిడికెడైనా ఎవరూ పంచుకోలేదు, ఆమె పిడికెడును కూడా ఆమె చేతిలోంచి లాక్కుని దానికి శాలువా కప్పారు. జూనియర్లు ఫొటోలు తీశారు. అమల నవ్వలేదని భాగ్య రెండుసార్లు గిచ్చింది.

సాయంత్రం తండ్రిని బస్సెక్కించడానికి తార్నాక వైపు నడిచింది. ఉప్పలయ్య మడతపెట్టిన శాలువాను రెండు చేతుల మీద మోస్తూ, దారిలో ఎదురైన ప్రతివాడూ దాన్ని చూస్తున్నాడా లేదా అని చూస్తున్నాడు. మెట్రో స్తంభాల కింద ట్రాఫిక్ ఆగేదాకా నిలబడ్డప్పుడు అడిగాడు.

"ఏం జెప్పినవ్ బిడ్డా? పెద్దసారు కండ్లల్ల నీళ్లు దెచ్చుకుండు!"

అమల చెప్పింది. ఈసారి తెలుగులో, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. ఒకతను నీలెక్కనే చెప్పులు చేత్ల పట్టుకొని వస్తుండె నాయినా, మిషిన్ వాణ్ని కాల్చాలన్నది, నేను సరే అన్న, అంది. చెబుతూ తండ్రి ముఖం వైపే చూసింది. ఈయనైనా తిడతాడు. ఈయనకు ఆ మనిషి ఎవరో తెలుసు. ఈయన చెంప మీద ఒకటి వేసినా చాలు, జన్మంతా ఆ దెబ్బ పట్టుకుని బతకొచ్చు.

సిగ్నల్ పడింది, ఇద్దరూ కదల్లేదు. బండ్లవాళ్లు హారన్లు కొట్టారు. ఉప్పలయ్య శాలువా ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో బిడ్డ తల నిమిరాడు.

"ఏడ్వకు బిడ్డా. పెద్దోళ్లు చెయ్యమన్నరు, జేసినవ్. మన చేతుల్ల ఏమున్నది?"

ఈ ఒక్క మాట తన ఇంట్లో ఇక ఎవరి నోటా రాకూడదని ఆమె లా చదివింది. తండ్రి ఎంతో ప్రేమగా దాన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.